గుడ్డి గోడ మీద మధ్యాహ్నం

కొండలను ఫోటో తీసేవాళ్ళెవరూ మధ్యాహ్నం పూట కెమెరా ముట్టుకోరు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నేల చప్పబడిపోతుంది. మిట్టకూ పల్లానికీ తేడా చెరిగిపోయి, ఉదయం అంత గంభీరంగా కనిపించిన లోయ కూడా ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంటుంది. ఆ వేళ మేము భోజనం డబ్బా విప్పుతాం, ఏదో ఒక నీడ చూసుకుని కళ్ళకు విశ్రాంతి ఇస్తాం, ఎండ ఏటవాలయ్యాక మళ్ళీ లేస్తాం. భూగోళశాస్త్రం పాఠాలు చెప్పిన కాలంలో సెలవులన్నింటా, ఉద్యోగం విరమించాక ఏడాది పొడవునా నేను ఈ నియమాన్ని తప్పలేదు. ఈ కథలో నేను పోగొట్టుకున్న సమయానికీ, చివరికి దొరికినదానికీ మూలం ఈ ఒక్క అలవాటే కనుక దాన్ని ముందుగా చెబుతున్నాను.

ఒక దిగుడులో కాలు జారి నా కుడి మోకాలు నుజ్జయింది. డాక్టరు కొత్త కీలు వేసి, ఇకమీదట ఇంటి మెట్లే మీ కొండలన్నాడు. ఆ కారణంగా నేను నగరంలో తమ్ముడి ఇంటికి చేరాను. నగరానికి చేరిన కారణంగా, ఖాళీగా కూర్చోలేని కారణంగా, భవనాలను చూడడం మొదలుపెట్టాను. కొండను చూసినట్టే చూశాను. ఏ సందులోకి ఏ వేళ ఎండ దిగుతుంది, ఏ మేడ నీడ ఏ మేడ నడుము దాకా వస్తుంది, వాన వెలిసిన తరువాత ఏ గోడ ముందు ఆరుతుంది అని గమనిస్తూ వీధులు తిరిగాను. ఎత్తైన రెండు ఆఫీసు భవనాల నడుమ ఉన్న దారి నాకు లోయగానే కనిపించేది. తెల్లవారుతూనే కెమెరా, ట్రైపాడ్ తీసుకుని బయలుదేరి, ఎండ ముదిరేసరికి ఇల్లు చేరి, భోంచేసి, మళ్ళీ పొద్దువాలేటప్పుడు వెళ్ళేదాన్ని.

"వదినగారు కొండలు దిగి గోడలకు వచ్చారు," అని మరదలు వచ్చినవాళ్ళకల్లా చెప్పేది. "ఇంకొన్నాళ్ళు ఆగితే గిన్నెలకు కూడా దిగుతారు. నాకు కాస్త తోడవుతుంది."

ఆమె మాటకు నేను నొచ్చుకోలేదు. వేళ తప్పకుండా వడ్డించే మనిషికి ఆ మాత్రం అనే హక్కు ఉంటుంది.

అలా ఉండగా ఒకరోజు పిన్ని కబురు పెట్టింది. పిన్ని మా అమ్మకు ఆఖరి చెల్లెలు. నాకంటే పదేళ్ళు కూడా పెద్దది కాదు. పిన్నీ అని పిలుస్తూనే ఆమెతో ఒకే మంచం మీద పడుకుని, ఒకే రిబ్బను కోసం కొట్టుకుంటూ పెరిగాను. ప్రభుత్వ భవనాల శాఖలో ఆర్కిటెక్టుగా చేరిన మొదటి స్త్రీ ఆమె. ఇప్పుడు లిఫ్టు లేని ఒక పాత ఇంటి రెండో అంతస్తులో, ఒక పనిమనిషి సాయంతో ఉంటోంది. కాళ్ళు సహకరించక ఆ మెట్లు దిగి చాలా కాలమైంది. నాలుక మాత్రం ఏ మెట్టు దగ్గరా ఆగేది కాదు.

నేను వెళ్ళేసరికి ఆమె తన పాత డ్రాయింగు బల్ల ముందు కూర్చుని ఉంది. ఆ బల్ల మీదే తింటుంది, ఆ బల్ల మీదే పేపరు చదువుతుంది. నగర వార్తల పేజీ తెరిచి నా వైపు తోసింది. పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి భవనానికి రోడ్డు వైపు గోడను రేకులతో కప్పేస్తారనీ, దాని మీద ప్రకటనల తెర బిగిస్తారనీ అందులో ఉంది.

ఆ గోడ నగరంలో అందరికీ తెలుసు. లోపల యంత్రాలకు ఎండా దుమ్మూ పడవు కనుక అయిదు అంతస్తుల ఎత్తున ఒక్క కిటికీ కూడా లేకుండా కట్టారు. జనం దాన్ని గుడ్డి గోడ అంటారు. బస్సు కండక్టర్లు కూడా గుడ్డి గోడ స్టాపు అనే కేకేస్తారు. దాన్ని గీసింది పిన్ని అని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె ముందు ఆ మాట ఎత్తకూడదని కూడా తెలుసు.

ఆ రోజు ఆమే ఎత్తింది. కిటికీలు లేని గోడ బోసిగా ఉంటుందని, ప్లాస్టరులోనే వేలి మందం ఎత్తున అలలు గీసిందట. ఒక చివర నుంచి మరో చివరికి ఏటవాలుగా, వరుస వెనుక వరుసగా, దూరపు కొండల్లా. ఆమె గీసినప్పుడు ఆ గోడ దక్షిణ ముఖం. పొద్దునా సాయంత్రమూ ఎండ పక్కనుంచి గోడ వెంబడి పాకుతుంది కనుక ఆ అలలు తేలి కనిపిస్తాయని లెక్క. అయితే కట్టే సమయానికి రోడ్డును మార్చారు. రోడ్డు మారినందువల్ల భవనాన్ని తిప్పారు. గోడ పడమటి ముఖమైంది. కొత్తగా గీస్తానని ఆమె అడిగితే, గోడ గోడే కదమ్మా, ఎటు తిరిగితేనేం అన్నారు పైవాళ్ళు. కట్టడం పూర్తయ్యాక తనిఖీకి వచ్చిన పెద్దాయన ఆ పూటంతా తిరిగి చూసి, అందరి ముందూ, "అమ్మాయి సిమెంటుతో కవిత్వం రాసింది, అక్షరాలే కనపడటం లేదు," అన్నాడట. నవ్వని వాడు లేడు. ఆ తరువాత ఉద్యోగం ముగిసేదాకా పిన్ని గోదాములూ, ప్రహరీలూ, సైకిలు షెడ్లూ తప్ప మరేమీ గీయలేదు. గీయమన్నా ఒప్పుకోలేదు. ఆ వీధికి మళ్ళీ వెళ్ళలేదు.

"కప్పేశాక అడగడానికి గోడ ఉండదు," అంది పిన్ని. "తప్పు నా గీతల్లో ఉందో, గోడను తిప్పిన వాళ్ళలో ఉందో నాకు తెలియకుండానే పోతుంది. నువ్వు రాళ్ళల్లో కూడా ఏదో చూస్తావంటారు కదే. అలలు కనిపిస్తే చూపించు. లేకపోతే లేవని చెప్పు. ఓదార్చావంటే మాత్రం ఈ గుమ్మం తొక్కనివ్వను."

నేను అక్కడి నుంచి నేరుగా గుడ్డి గోడ దగ్గరికి వెళ్ళాను. దగ్గరికి వెళ్ళినా కంటికి ఏమీ కనిపించలేదు. ఎన్ని పూతల సున్నమూ రంగులూ పడ్డాయో, అంతా ఒకే బూడిద రంగు. అప్పుడు అరచేతిని గోడకు ఆనించి నెమ్మదిగా పక్కకు జరిపాను. చెయ్యి మెల్లగా పైకి లేచింది, దిగింది, మళ్ళీ లేచింది. అటుగా పోతున్న ఒకాయన నాకేమైనా కళ్ళు తిరుగుతున్నాయా, పట్టుకోమంటారా అని మర్యాదగా అడిగాడు. అక్కరలేదన్నాను. అలలు ఉన్నాయి. ఉన్న వస్తువు ఏదో ఒక వెలుగులో కనిపించి తీరాలి. నా పనల్లా ఆ వెలుగు ఏ వేళ వస్తుందో తెలుసుకోవడం.

ఆ వేళ ఏదై ఉంటుందో నాకు తెలుసునని అనుకున్నాను. ఇన్నేళ్ళూ కొండలు నాకు నేర్పింది ఒకటే: సూర్యుడు కిందికి దిగినప్పుడే రూపం పైకి తేలుతుంది. అందుకని సూర్యోదయానికి వెళ్ళాను. పడమటి గోడ కనుక ఉదయం పూట అది తన నీడలోనే మునిగి ఉంది. సాయంత్రం వెళ్ళాను. ఎండ సూటిగా, ఎదురుగా వచ్చి పడి, గోడను ఇస్త్రీ చేసిన గుడ్డలా చదును చేసింది. మంచు పట్టిన ఉదయం వెళ్ళాను. వాన వెలిసిన సాయంత్రం, గోడ ఇంకా తడిగా ఉండగా వెళ్ళాను. తడి ఆరే తీరులోనైనా అలల జాడ తెలుస్తుందేమో అనుకుంటే, ఆ గోడ పక్షపాతం లేకుండా అంతటా ఒకేసారి ఆరింది.

మొదట్లో పిన్ని రోజూ ఫోన్ చేసేది. పలకరింపులుండేవి కావు. "కనపడిందా?" అనేది. ఇంకా లేదనేదాన్ని. పెట్టేసేది. కొన్నాళ్ళకు నాకు చేయడం మానేసి మరదలికి చేయసాగింది. ముసలి మోకాలితో దాన్ని ఆ రోడ్డు మీద నిలబెట్టకు, లేనిదాన్ని ఎవరు మాత్రం చూపిస్తారు అని చెప్పిందట. మరదలు ఆ మాటను నా చెవిన వేసింది. పిన్ని తనలో తాను జవాబు రాసేసుకుంటోందని నాకు అర్థమైంది. తప్పు తన గీతలదేనని. ఆమెను అలా రాసుకోనివ్వడం నాకు ఇష్టం లేదు.

ఈలోగా పరంజా వేసేవాళ్ళు వచ్చారు. ఇనప పైపులు లారీలోంచి దించి, గోడకు ఎడమ కొస నుంచి నిలబెట్టుకుంటూ రాసాగారు. వాళ్ళ మేస్త్రి మీసాల మనిషి, మాటకారి.

"గోడ ఎక్కడికైనా పారిపోతుందనా అమ్మగారూ, ఈ కాపలా?" అన్నాడు.

పారిపోదు, మీరు ముసుగేస్తున్నారు కదా, అందుకు అన్నాను. ఎన్నాళ్ళలో ముగుస్తుందని అడిగితే, ఈ వారం పైపులు, ఆపైన రేకులు అన్నాడు. అంటే వేళల కోసం వెతికే తీరిక నాకిక లేదు. ఆ రోజే ఒక నిర్ణయం చేసుకున్నాను. ఇకనుంచి పొద్దున్నే వచ్చి, చీకటి పడేదాకా అక్కడే ఉంటాను, భోజనానికి కూడా ఇంటికి పోను అని. ఏ క్షణంలో ఏ మేఘం చాటు నుంచి ఎలాంటి వెలుగు వస్తుందో చెప్పలేం గదా అన్నది నా వాదం.

నేను ఇంటికి రాకపోతే భోజనమే నా దగ్గరికి వచ్చింది. మరదలు డబ్బా సంచిలో పెట్టుకుని, ఎండలో గొడుగేసుకుని, తిట్టుకుంటూ వచ్చింది. గోడకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల, ఒక చెట్టు చుట్టూ కట్టిన అరుగు ఉంది. దాని మీద కూర్చున్నాం. రోడ్డు దుమ్ము తిండిలో పడకుండా రోడ్డుకు వీపు తిప్పి కూర్చున్నాం. లెన్సు మీద దుమ్ము పడకుండా కెమెరాకు గుడ్డ కప్పాను. ఎలాగూ మధ్యాహ్నమే కదా, చూడడానికి ఏముంటుంది?

"ఈ వయసులో నడిరోడ్డు మీద భోజనం. మీ తమ్ముడికి పంపిస్తానుండండి, వాళ్ళక్క వైభోగం చూసుకుంటారు," అని మరదలు ఫోన్ ఎత్తి పట్టుకుని మా ఇద్దరికీ కలిపి సెల్ఫీ తీసింది. ఆ ఫోటోలో నేను ముద్ద నోట్లో పెట్టుకుంటున్నాను.

మా తమ్ముడు ఆడిటరు. ఏ కాగితం చూపించినా ముందు తప్పు ఎక్కడుందని వెతుకుతాడు. ఆ రాత్రి ఇంటికి వచ్చి, చొక్కా అయినా మార్చకుండా, ఫోన్ తీసి మా ముఖాలు పక్కకు జరిపి వెనకాల ఉన్నదాన్ని పెద్దది చేశాడు.

"అక్కా, ఈ గోడకు అడుగున ఇంత చెమ్మ పట్టింది, దీని మీద రేకులు కొడితే నిలుస్తాయా?"

నేను కళ్ళజోడు సవరించుకుని చూశాను. మరదలి చెవి పక్కన, గోడ అడుగు భాగంలో, సన్నని నల్లని చారలు ఏటవాలుగా, వరుస వెనుక వరుసగా ఉన్నాయి. చెమ్మ అలా పట్టదు. ఆ చారలకు పైన గోడంతా నీడ. నా చెయ్యి లేచి దిగిన చోటే ఆ చారలున్నాయి.

ఆ సెల్ఫీ ఎప్పుడు తీసిందని మరదలిని అడిగాను. తింటున్నప్పుడే కదా, అప్పుడే మరిచిపోయారా అంది.

నా పొరపాటు ఏమిటో కుర్చీలోంచి లేవకుండానే పూర్తిగా అర్థమైంది. నేల పడుకుని ఉంటుంది. గోడ నిలబడి ఉంటుంది. పడుకున్నదాని మీదుగా ఎండ పాకాలంటే సూర్యుడు కిందికి దిగాలి. నిలబడ్డదాని మీదుగా పాకాలంటే సూర్యుడు నెత్తి మీదికి రావాలి. పడమటి గోడకు, సూర్యుడు తూర్పు నుంచి పడమటికి దాటే ఆ కాసేపట్లో, ఎండ సరిగ్గా గోడ వెంబడే జారుతుంది. ఆ తరువాత ముందుకు వంగి, సూటిగా పడి, అంతా చదును చేసేస్తుంది. ఏడాదిలో ప్రతి రోజూ, మబ్బు లేని ప్రతి మధ్యాహ్నమూ ఆ గోడ మీద పిన్ని అలలు లేస్తూనే ఉన్నాయి. భూగోళం చదివి, భూగోళం చెప్పి, నేను ఆ వేళకే వీపు తిప్పి కూర్చున్నాను. కొండల దగ్గర నిజమైన నియమాన్ని తెచ్చి, గోడను దానికి లోబడమన్నాను.

మరునాడు ఎండ ముదరక ముందే కెమెరా బిగించి సిద్ధంగా ఉన్నాను. మరదలు డబ్బా తెచ్చింది గానీ విప్పలేదు. గోడ నెత్తిన జానెడు ముందుకు వచ్చిన సిమెంటు అంచు ఒకటి ఉంది. సూర్యుడు నడినెత్తి దాటేదాకా ఆ అంచు నీడ గోడనంతా కప్పి ఉంచింది. అప్పుడు అడుగున ఒక సన్నని వెలుగు గీత పడింది. కొండ మీద ఉదయపు ఎండ శిఖరం నుంచి కిందికి దిగుతుంది. ఇక్కడ పాదం దగ్గర పుట్టి పైకి ఎక్కసాగింది. అది ఎక్కిన మేరా అలలు ఒక్కొక్కటిగా, తమ నీడను తామే మోసుకుంటూ లేచి నిలబడ్డాయి. నేను చూస్తూ ఉండిపోయి, బటన్ మీదికి వేలు పెట్టేలోగా మబ్బు కమ్మింది. మబ్బు తొలగేసరికి గోడ మళ్ళీ గుడ్డిదైంది.

మరదలు కూడా చూసింది. "చిన్నత్తయ్యగారు ఇది గీశారా?" అంది. ఆమె గొంతులో వెటకారం లేకపోవడం నేను వినడం అదే మొదలు.

అయితే ఇంకొకటి కూడా చూశాను. పరంజా గోడ సగం దాకా వచ్చింది. మనుషులు నడవడానికి వేసిన చెక్కలు గోడకు బారెడు ఎడంగా ఉన్నాయి. జానెడు అంచే గోడంతా నీడ చేస్తుంటే, బారెడు ఎడంలో ఉన్న చెక్క ఏం చేస్తుందో చెప్పనక్కరలేదు. ఎడమ సగం మీద ఎండ పాకనేలేదు. రేపు చెక్కలు కుడి కొసకు చేరితే ఇక అలలు లేవు. నేను రోడ్డు దాటి మేస్త్రి దగ్గరికి వెళ్ళాను.

రేపు మధ్యాహ్నం దాకా కుడి సగం మీద చెక్కలు పరవవద్దని అడిగాను. పైవాళ్ళు ఊరుకోరండి అన్నాడు. ఎందుకని కూడా అడిగాడు. నేను గోడ పక్కన ఎండలో నిలబడి, అక్కడ పడి ఉన్న ఒక ఇటుకను నిలబెట్టి, భోజనం డబ్బా మూతను దాని నెత్తిన చూరులా ఆనించి, మూత నీడ ఎంత దూరం సాగుతుందో, ఇటుక మీది గరుకు ఎలా పోతుందో చూపించాను. అతను మీసం దువ్వుకుంటూ చూశాడు. నేను బతిమాలలేదు. కారణం చెప్పి, చెప్పింది అర్థమయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.

"పైపులు ఆపలేను," అన్నాడు చివరికి. "చెక్కలైతే, మావాళ్ళు భోజనానికి దిగేముందు ఎత్తి ఓ పక్కన పెట్టమంటా. వాళ్ళు తిని లేచేదాకానే. ఆ తర్వాత నన్ను అడగొద్దు. మావాళ్ళ ఫోటో కూడా తియ్యాలి మరి."

ఒప్పుకున్నాను.

ఆ మరునాడు ఆకాశం కడిగినట్టుంది. పనివాళ్ళు చెక్కలు ఎత్తి పక్కన పేర్చి, కిందికి దిగి, గోడ మొదట్లో వరుసగా కూర్చుని డబ్బాలు విప్పారు. కొండల్లో అయితే మనిషి జాడ ఫ్రేములోకి వస్తే ఓపిక పట్టి పోనిచ్చేదాన్ని. ఇక్కడ వాళ్ళను కదలమనలేదు. అయిదు అంతస్తుల గోడ ఎంతటిదో వాళ్ళ తలలు చెబుతాయి. నీడ కదిలింది. పాదం దగ్గర వెలుగు పుట్టింది. వాళ్ళ భుజాలు దాటి, పైపుల గడులు దాటి, అల తరువాత అలగా ఎక్కింది. వెలుగు మారినప్పుడల్లా తీశాను. ఇసుక మీద గాలి గీసిన గీతల్లాంటి ఆ వరుసలు అంచు దాకా పాకి, ఒక్క పావుగంట నిలిచి, పలచబడి, పోయాయి.

ఒక పనివాడు నా చూపు వెంట తల తిప్పి పైకి చూశాడు. అతన్ని చూసి పక్కవాడు. మేస్త్రి నీళ్ళ సీసా పట్టుకుని రోడ్డు దాటి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఇదెప్పట్నుంచీ ఉందండీ?" అన్నాడు.

"కట్టినప్పట్నుంచీ."

"మరి ఎవరూ..." అని ఆగిపోయాడు. అతను కూడా ఆ వేళకు రోజూ భోజనమే చేస్తున్నాడు.

ఫోటో పెద్ద ప్రింటు చేతికి రావడానికి కొన్ని రోజులు పట్టింది, రాగానే పిన్ని దగ్గరికి పట్టుకెళ్ళాను. డ్రాయింగు బల్ల మీద పరిచాను. ఆమె భూతద్దం తీసుకుని ఒక మూల నుంచి మొదలుపెట్టి, ప్లాను పరీక్షించేవాళ్ళలా, అంగుళం అంగుళం చూసింది. తరువాత ఏ వేళని అడిగింది. మధ్యాహ్నం, భోజనాల వేళ అన్నాను.

భూతద్దం కింద పెట్టింది.

"తనిఖీ రోజున పెద్దాయన పొద్దున్నుంచీ గోడ ముందే తిరిగాడు," అంది. "ఆ మాట అని అందరినీ నవ్వించి, గడియారం చూసుకుని, భోజనానికి వేళయింది పదండి అన్నాడు. అందరం వెనక్కి తిరిగాం. నేను కూడా తిరిగానే."

అంతకు ముందు వరకు నాకు తెలియని ఒక కారణం అక్కడ దొరికింది. మరికాసేపు ఆ మనుషులు ఆకలికి ఓర్చుకుని ఉంటే, ఒక ఆర్కిటెక్టు జీవితమంతా సైకిలు షెడ్లు గీసేది కాదు. ఆ సంగతి పిన్నికి నాకంటే ముందే తెలిసిపోయింది.

అయినా ఆమె తేలిగ్గా లొంగే మనిషి కాదు. ఫోటోను తిరగేసి వెనక వైపు చూసింది. "ఈ రోజుల్లో కంప్యూటర్లో ఏదైనా గీయొచ్చట గదా," అంది. "నువ్వు నన్ను ఓదార్చడం లేదని నాకేం నమ్మకం?"

నాకు కోపం వచ్చింది. వెంటనే పోయింది. ఇన్నేళ్ళు ఒక జవాబును నమ్మి బతికిన మనిషి దాన్ని ఒక కాగితం చూసి మార్చుకోకపోవడమే సబబు.

"అయితే వచ్చి చూడు," అన్నాను.

"మెట్లున్నాయే."

"ఉంటే ఉన్నాయి. దిగుదాం."

మర్నాడు పొద్దున నేను మేస్త్రి దగ్గరికి వెళ్ళి, అడగొద్దన్నదాన్నే మళ్ళీ అడిగాను. అప్పటికి ఎడమ సగానికి రేకులు ఎక్కాయి, కుడి వైపు కూడా అడుగు వరుస బిగించేశారు. పనివాళ్ళ ఫోటో ముందు అతని చేతికిచ్చాను. అందరూ తమ తమ ముఖాలు వెతుక్కున్నారు. ఎవరొస్తున్నారని అడిగాడు. గీసినావిడ అన్నాను. అతను వెనక్కి తిరిగి, చెక్కలు లాగేయమని కేకేశాడు.

పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి తమ్ముడూ, కింది అంతస్తు ఆయనా చెరోవైపు పట్టుకుని దించారు. ప్రతి మలుపు దగ్గరా ఆమె వాళ్ళకు కుర్చీ ఏ కోణంలో తిప్పాలో ఆజ్ఞాపిస్తూనే ఉంది. ఆ మెట్లు గీసినవాడికి తల తప్ప అన్నీ ఉన్నాయంది. చెట్టు కింద అరుగు పక్కన కుర్చీ వేశాం. మరదలు అలవాటు కొద్దీ, దుమ్ము పడుతుందని కుర్చీ వీపు రోడ్డు వైపుకు వచ్చేలా తిప్పబోయింది.

"వద్దమ్మాయ్," అంది పిన్ని. "ఒకసారి తిరిగింది చాలు."

అడుగు వరుస రేకుల మీద వెలుగు పుట్టి, అక్కడ అద్దంలా చదునుగా మెరిసింది. పిన్ని ముఖం బిగుసుకుంది. వెలుగు రేకుల అంచు దాటింది. ఆ పైన, ఇంకా మిగిలిన గోడ మీద, మొదటి అల లేచింది. తరువాత రెండోది. పనివాళ్ళు ఈసారి గోడ మొదట కూర్చోలేదు. రోడ్డు దాటి మా పక్కకు వచ్చి, డబ్బాలు మూసే ఉంచి నిలబడ్డారు. బస్సు ఒకటి వచ్చి ఆగింది, గుడ్డి గోడ అని కండక్టరు కేకేశాడు, పోయింది. పిన్ని కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. వరుసలు లెక్క పెడుతోందని కొంతసేపటికి గానీ నాకు తెలియలేదు.

వెలుగు పై అంచు చేరింది. అంతా నిలిచింది.

"పైనుంచి మూడోది," అంది పిన్ని వేలు చూపిస్తూ. ఆమె గొంతు పొడిగా, నిలకడగా ఉంది. "కుడి చివర కిందికి జారింది, చూశావా? తాపీ పనివాడు అప్పుడే అడిగాడు, ఇక్కడ గీత కుదరడం లేదమ్మా అని. నేనే సరిగ్గా ఉందని గద్దించాను. అది నా తప్పే."

"మిగతావి?" అన్నాను.

ఆమె నా వైపు తిరగలేదు. ఎండ ముందుకు వంగుతోంది. అలలు ఒక్కొక్కటిగా పలచబడుతున్నాయి. ఆమె వాటిని చివరిదాకా పోనిచ్చింది.

"మిగతావి సరిగ్గా ఉన్నాయి," అంది. "డబ్బా విప్పమను. ఇటే తిరిగి తిందాం."